తొమ్మిదో చిప్పు

విండోస్ ఎక్స్‌పీని ఒక్కసారైనా ఇన్‌స్టాల్ చేసిన వాళ్ళకి ఆ నీలం తెరా, అందులో నత్తలా పాకే పసుప్పచ్చ గీతా గుర్తుండే ఉంటాయి. మా ఇంట్లో ఆ గీత చివరిదాకా పాకడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో ఇద్దరు దోషులు తేలారు. ఒకరు షాపు నుంచి వచ్చిన అన్న, రెండోవాణ్ణి నేను. మేమిద్దరం ఏ పాపం ఎరగమని తేలడానికి మాత్రం ఎనిమిదేళ్ళు పట్టింది.

సంగతేంటంటే, 2008లో మా అక్క బీటెక్‌లో చేరింది. మా నాన్న స్కూలు టీచరు. పీఎఫ్ మీద అప్పు తీసుకుని అక్క కోసం ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నారు. 512 ఎంబీ ర్యాములు రెండు, 160 జీబీ హార్డ్ డిస్కు. ఆ రోజుల్లో మా వీధికంతటికీ అదే గొప్ప. నాకప్పుడు పదేళ్ళు, స్కూల్నించి రాగానే దాని ముందే కాపురం.

నాలుగు నెలలు తిరక్కుండానే రోగం మొదలైంది. ఉన్నట్టుండి రీస్టార్ట్ అయ్యేది. ఒకరోజు అక్క రాత్రంతా కూర్చుని టైపు చేసిన రికార్డు ఫైలు తెరుచుకోలేదు. నాన్న షాపుకి ఫోన్ చేస్తే ఒక కుర్రాణ్ణి పంపారు. అతన్ని మేం సిస్టమ్ అన్న అనేవాళ్ళం. "ఫార్మాట్ కొట్టేద్దాం మాస్టారూ, అంతా సెట్టయిపోద్ది" అన్నాడు పాపం, ఎంతో నమ్మకంగా.

సెటయిపోలేదు. సగం దూరం వెళ్ళాక, ఫలానా ఫైలుని కాపీ చెయ్యలేకపోతున్నానని సెటప్ ఆగిపోయింది. ఎంటర్ నొక్కితే మళ్ళీ ప్రయత్నిస్తుంది, ఎస్కేప్ నొక్కితే ఆ ఫైలు వదిలేస్తుంది, ఎఫ్3 నొక్కితే మొత్తం వదిలేస్తుంది. రెండోసారి మొదలుపెడితే ఈసారి ఇంకో ఫైలు దగ్గర ఆగింది. "సీడీ గీతలు పడిందండి" అని కొత్త సీడీ తెచ్చాడు. అదీ అంతే. మూడో సీడీ తెచ్చాడు, సీడీ డ్రైవు మార్చాడు, కేబుల్ మార్చాడు, చివరికి హార్డ్ డిస్కు కూడా మార్చి చూశాడు. ఇక చెప్పడానికేం మిగలక "మీవాడు ఆటలేవో ఎక్కించినట్టున్నాడండి, వైరస్ వచ్చుంటది" అన్నాడు. ఆ సాయంత్రం నా వీపు విమానం మోత మోగింది.

నాన్న అక్కడితో ఆగలేదు. షాపు ఓనరుకి ఫోన్ చేసి, పనిరాని కుర్రాళ్ళని పంపుతున్నారని గట్టిగా తిట్టారు. ఓనరు ఆ డ్రైవు ఖరీదు అన్న జీతంలో కోసుకున్నాడని తరవాత తెలిసింది. నాలుగో రోజు ఎలాగో ఇన్‌స్టాల్ అయితే అయింది గానీ వారానికి రెండుసార్లు బ్లూ స్క్రీన్ తప్పలేదు. అక్క విసుగెత్తి కాలేజీ ల్యాబులోనే పనులు చేసుకోవడం మొదలెట్టింది. నాన్న అప్పు తీర్చుతూనే ఉన్నారు, సీపీయూ మాత్రం అటకెక్కింది.

2016లో, నేను బీటెక్ రెండో సంవత్సరంలో ఉండగా, సెలవల్లో దాన్ని కిందకి దించి లినక్స్ ఎక్కిద్దామని కూర్చున్నాను. అదే రోగం. ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట ఆగిపోతోంది. బూట్ మెనూలో మెమరీ టెస్ట్ అని ఒక ఆప్షన్ ఉంటే, పోనీ చూద్దామని నొక్కాను. పది నిమిషాల్లో తెర మీద ఎర్ర గీతలు వరస కట్టాయి. రెండు ర్యాముల్లో ఒకటి తీసేసి మళ్ళీ నడిపితే రాత్రంతా ఒక్క ఎర్రర్ లేదు. లినక్స్ ఒక్క దెబ్బకి ఇన్‌స్టాల్ అయింది.

అదన్నమాట! సీడీ కాదు, డ్రైవు కాదు, నా ఆటలు కాదు. అప్పుడు నాకొచ్చిన అనుమానం ఒక్కటే. ర్యామ్ చెడిపోతే ఆ మాట కంప్యూటర్ ఎందుకు చెప్పలేదు? దాన్ని పట్టుకుని వెతికితే తెలిసింది, ఒకప్పుడు చెప్పేదట.

1981 ఆగస్టులో ఐబీఎం తన మొదటి పీసీని, అంటే 5150ని విడుదల చేసింది. దాని మదర్‌బోర్డు మీద మెమరీ చిప్పులు వరసకి 9 చొప్పున ఉంటాయి. బైటుకి 8 బిట్లే కదా, 9 ఎందుకు? ఆ తొమ్మిదోది పారిటీ కోసం. 8 బిట్లలో ఒకట్లు సరి సంఖ్యలో ఉన్నాయా, బేసి సంఖ్యలో ఉన్నాయా అన్నది అందులో రాసి పెడతారు. తిరిగి చదివేటప్పుడు లెక్క కుదరకపోతే ఎక్కడో ఒక బిట్టు తిరగబడిందన్నమాట. వెంటనే మిషన్ పని ఆపేసి తెర మీద "పారిటీ చెక్ 1" అని చూపించేది. మెమరీ విడి కార్డు మీద ఉంటే "పారిటీ చెక్ 2". తప్పుని సరిదిద్దడం దానికి చేతకాదు. కానీ తప్పు జరిగిందని ఒప్పుకునే నిజాయితీ ఉంది.

ఐబీఎం వాళ్ళు ఊరికే భయపడి ఆ చిప్పు పెట్టలేదు. 1978లో ఇంటెల్‌లో పనిచేసే తిమోతీ మే, మరే వుడ్స్ అనే ఇద్దరు ఒక పేపర్ ప్రచురించారు. చిప్పుని కప్పే ప్యాకేజీలో లేశమాత్రంగా ఉండే రేడియో ధార్మిక పదార్థాల నుంచి ఆల్ఫా కణాలు వెలువడి, మెమరీలో బిట్లని తిరగేస్తున్నాయని అందులో చూపించారు. చిప్పు చెడిపోదు, అందులో రాసుకున్నది మాత్రం మారిపోతుంది. ఇక తప్పుని పట్టుకోవడమే కాదు, సరిదిద్దడం కూడా అప్పటికే తెలిసిన విద్య. బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్, వారాంతంలో మిషన్‌కి అప్పగించిన లెక్కలు తప్పు దొరకగానే ఆగిపోతుంటే విసిగిపోయి, తప్పు ఉందని కనిపెట్టగలిగినప్పుడు అది ఎక్కడుందో ఎందుకు కనిపెట్టకూడదని ఆలోచించాడు. ఆ పద్ధతిని 1950లో ప్రచురించాడు. ఈనాటి ఈసీసీ మెమరీకి తాత అదే.

మరి ఆ తొమ్మిదో చిప్పు ఏమైపోయింది? డబ్బులండీ, ఇంకేముంది. 8 చిప్పులు చాలే చోట 9 పెడితే ఎనిమిదో వంతు ఖర్చు ఎక్కువ, అంటే 12.5 శాతం. 1993 జులైలో జపాన్‌లోని నీహామాలో సుమిటోమో కెమికల్ కర్మాగారంలో పేలుడు జరిగింది. చిప్పుల ప్యాకేజీకి వాడే ఎపాక్సీ రెసిన్ ఎక్కువ భాగం అక్కడే తయారయ్యేది. దాంతో ర్యామ్ ధరలు ఆకాశానికి ఎగిశాయి. ధరలు అలా ఉన్నప్పుడు తొమ్మిదో చిప్పు లేని మాడ్యూలు ఎంతో చవగ్గా కనబడుతుంది కదా. కొందరు ఘనులైతే ఇంకో అడుగు ముందుకేశారు. నిజం పారిటీ చిప్పు బదులు, ఎప్పుడు అడిగినా "అంతా బాగానే ఉంది" అని జవాబిచ్చే ఒక చవక చిప్పు అతికించి పారిటీ ర్యామ్ అని అమ్మేశారు. చదివే క్షణంలో అప్పటికప్పుడు సరిపోయే పారిటీని తయారుచేసి ఇచ్చేది అది. పరీక్షలో పిల్లవాడు ఏం రాస్తే అదే రైటనే మాస్టారన్నమాట.

1995లో ఇంటెల్ తెచ్చిన 430ఎఫ్‌ఎక్స్ చిప్‌సెట్‌లో పారిటీని చూసే ఏర్పాటే లేదు. మరుసటేడు వచ్చిన 430హెచ్‌ఎక్స్‌లో ఉందిగానీ, అప్పటికే ఇళ్ళల్లోకి వెళ్ళే పీసీలకి అది అక్కర్లేదని మార్కెట్ తీర్మానించేసింది. తొమ్మిదో చిప్పు సర్వర్లకి వెళ్ళిపోయింది. మనకి మిగిలింది చిప్ప :)

పెద్ద కంపెనీలు వదిలేసిన పనిని లినక్స్ వాళ్ళు ఇంకోరకంగా చేసుకోవాల్సి వచ్చింది. 1990లలో కెర్నల్‌ని కంపైల్ చేస్తుంటే జీసీసీ ఉన్నట్టుండి "సిగ్నల్ 11" అని చచ్చిపోయేది. అందరూ జీసీసీలో బగ్గే అనుకునేవారు. రోజియర్ వోల్ఫ్ అనే ఆయన ఈ ఒక్క విషయం మీదే ప్రశ్నలూ జవాబులూ రాసి పెట్టాడు. అందులో కీలకం ఇదే: మళ్ళీ మేక్ కొట్టండి. ప్రతిసారీ ఒకే చోట ఆగితే సాఫ్ట్‌వేర్ తప్పు, వేరే వేరే చోట్ల ఆగితే మీ హార్డ్‌వేర్ తప్పు. జీసీసీ మెమరీనిండా పాయింటర్లు పరుచుకుంటుంది. పాయింటర్‌లో ఒక్క బిట్టు తిరగబడినా అది ఎక్కడికో వెళ్ళి పడుతుంది. బొమ్మలో ఒక బిట్టు మారితే ఎవరికీ కనబడదు, పాయింటర్‌లో మారితే ప్రోగ్రామే పోతుంది. అదే దశాబ్దంలో క్రిస్ బ్రేడీ మెమ్‌టెస్ట్86 రాశాడు. 2004లో దాన్నుంచే మెమ్‌టెస్ట్86+ పుట్టింది. నేను 2016లో నొక్కిన ఆప్షన్ వెనకున్నది ఈ వంశమే. విండోస్‌లో అయితే 2007లో విస్టా వచ్చేదాకా మెమరీని పరీక్షించే టూల్ ఇన్‌స్టాలేషన్‌తో పాటు రాలేదు.

మరి కంప్యూటర్ ఆన్ చెయ్యగానే బయాస్ ర్యామ్ లెక్కపెట్టేది కదా అని మీకు అనుమానం రావచ్చు. అది హాజరు పిలవడం లాంటిది. పిల్లాడు క్లాసులో ఉన్నాడా లేడా అని చూస్తుంది గానీ పాఠం వచ్చో రాదో అడగదు. కొన ఊపిరితో ఉన్న బిట్లు మామూలుగా బాగానే పనిచేసి, పక్క బిట్లలో ఒక ప్రత్యేకమైన వరస పడినప్పుడో, చిప్పు వేడెక్కినప్పుడో మాత్రమే తప్పుతాయి. మెమ్‌టెస్ట్ ఒక నమూనా రాసి, చదివి, దాన్ని తిరగేసి రాసి, మళ్ళీ చదివి, అలా గంటల తరబడి పీకుతుంది కాబట్టి దొరుకుతాయి.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వద్దాం. నాకు అన్నిటికన్నా చిత్రంగా అనిపించింది ఇదీ. డేటా సీడీలో ఒక్కో సెక్టారు 2352 బైట్లు. అందులో మన డేటా 2048 బైట్లే. మిగతాదాంట్లో 276 బైట్లు తప్పులు దిద్దడానికీ, ఇంకో 4 తప్పులు పట్టడానికీ. హార్డ్ డిస్కులో ప్రతి సెక్టారుకీ దిద్దుబాటు కోడ్ ఉంటుంది. అల్ట్రా డీఎంఏ వచ్చాక ఐడీఈ కేబుల్ మీద వెళ్ళే డేటాకి కూడా సీఆర్‌సీ తనిఖీ ఉంది. సీడీ నుంచి డిస్కు దాకా సాగే ఆ ప్రయాణంలో కాపలా లేని పెద్ద మజిలీ ర్యామ్ ఒక్కటే. సెటప్ చేసే పనేమో సీడీ మీద కుదించి పెట్టిన ఫైళ్ళని మెమరీలోకి తెచ్చి, విప్పి, డిస్కులో రాయడం. కుదించిన ఫైల్లో ఒక్క బిట్టు పోతే అక్కణ్ణించి అంతా గందరగోళమే. అప్పుడు సెటప్ ఏమంటుంది? ఫైలు కాపీ అవలేదంటుంది. ఫైలు సీడీలో ఉంది కాబట్టి మనం సీడీని అనుమానిస్తాం. కాపలా ఉన్న ఇళ్ళన్నీ సోదా చేసి, తలుపే లేని ఇంటిని వదిలేశాం మేం.

కాబట్టి ఇప్పటికీ ఎవరైనా ఇన్‌స్టాల్ అవట్లేదని ఫోన్ చేస్తే నేనడిగే మొదటి ప్రశ్న "ప్రతిసారీ ఒకేచోట ఆగుతోందా?" అని. ఒకేచోట అంటే మీడియానో, డిస్కో, డ్రైవరో. చోటు మారుతుంటే ర్యామ్, పవర్ సప్లై, వేడి. నూటికి నూరుపాళ్ళు కాదుగానీ చాలావరకు దారి చూపిస్తుంది. తరవాత ఒక్క ర్యామ్ స్టిక్కుతో ప్రయత్నించడం, అది కుదరకపోతే రెండోదానితో. పైసా ఖర్చు లేదు.

ఇదంతా పాతకాలం గోల అనుకోకండి. 2009లో గూగుల్ సర్వర్ల మీద బియాంకా ష్రోడర్ బృందం చేసిన అధ్యయనంలో, ఏడాదిలో 8 శాతానికి పైగా మెమరీ మాడ్యూళ్ళలో తప్పులు కనబడ్డాయి. అవి ఎక్కువగా ఆల్ఫా కణాల్లాంటి గాలివాటం తప్పులు కావు, నిజంగా చెడిన చిప్పులవి. 2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు సుమారు 10 లక్షల మామూలు పీసీల క్రాష్ రిపోర్టులు చూస్తే, ఒకసారి హార్డ్‌వేర్ వల్ల పడిపోయిన మిషన్ మళ్ళీ పడిపోయే అవకాశం వంద రెట్ల దాకా పెరుగుతోందని తేలింది. అంటే "ఒక్కసారే కదా, రీస్టార్ట్ చేస్తే పోయింది" అనుకోవడానికి లేదు. 2021 జనవరిలో లైనస్ టోర్వాల్డ్స్, ఈసీసీని మామూలు వినియోగదారులకి దూరం చేసిందని ఇంటెల్ మీద బహిరంగంగానే విరుచుకుపడ్డాడు. 2020లో ప్రమాణంగా వచ్చిన డీడీఆర్5లో చిప్పు లోపలే ఈసీసీ ఉంటుంది. మంచిదే, కానీ అది చిప్పు లోపలి సంగతే చూసుకుంటుంది. చిప్పు నుంచి ప్రాసెసర్ దాకా దారిలో జరిగేవాటికి దాని పూచీ లేదు.

మనం రోజూ బగ్ రిపోర్టులు చూసేవాళ్ళం. ఒకేసారి వచ్చి మళ్ళీ కనబడని క్రాష్‌కి "రీప్రొడ్యూస్ అవట్లేదు" అని రాసి మూసేస్తాం. అవతల యూజర్ తనేదో తప్పు నొక్కానేమో అనుకుంటాడు. తొమ్మిదో చిప్పు తీసేసి ఆదా చేసిన డబ్బుని నిజానికి ఎవరో కట్టారు. మా ఇంట్లో అయితే కొంత నాన్న పీఎఫ్ లోంచి, కొంత అన్న జీతం లోంచి, కొంత నా వీపు మీద వసూలైంది.

ఆ ఎర్ర గీతలు చూపించి నాన్నకి అంతా చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "ఆ కుర్రాణ్ణి అనవసరంగా అన్నాన్రా" అన్నారు. నన్ను కొట్టిన సంగతి ఆయనకి గుర్తులేదు, నేనూ గుర్తుచెయ్యలేదు. తర్వాతి వారం కనుక్కుని వెళ్ళారు. అన్న బస్టాండు దగ్గర సొంతంగా జిరాక్సు, సర్వీసు షాపు పెట్టుకున్నాడు. నాన్న ఆ ర్యామ్ ముక్క చేతిలో పెట్టి విషయం చెబితే, అతను అటూ ఇటూ తిప్పి చూసి "ఇది తీసి చూడాలని ఆ రోజు నాకూ తట్టలేదు మాస్టారూ" అన్నాడట.

ఆ ముక్క ఇప్పటికీ నా దగ్గరుంది. దాని మీద 8 చిప్పులున్నాయి. వాటి మధ్యలో, టంకం మెరుపులతో, ఇంకో చిప్పు పట్టేంత చోటు ఖాళీగా ఉంది.