ఊరి కోసం వాయించేది, ఇంట్లో పాడుకునేది: రోమా సంగీతంలో వైవిధ్యం

హంగరీ సంగీతం ఎవరిదన్న తగవు 1859లో స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ రాసిన పుస్తకంతో రాజుకుంది. హంగరీ సంగీతంగా లోకం మెచ్చుకుంటున్నది రోమాల (జిప్సీలని పిలిచేవారి) సృష్టేనని ఆయన అన్నాడు. 1931లో మరో స్వరకర్త బేలా బార్తోక్ దాన్ని గట్టిగా ఖండించాడు. రోమా బృందాలు వాయించేవి హంగరీవాళ్లు కట్టిన పాటలేననీ, వాయించినంత మాత్రాన అవి రోమాలవి అయిపోవనీ ఆయన వాదన. వరస ఎవరు కట్టారన్న మేరకు బార్తోక్ మాట చాలావరకు నిజం. అయితే పాటను కట్టినవాడి సొత్తుగా మాత్రమే చూడటం న్యాయం కాదు.

పట్నపు రోమా బృందానికి నాయకుడు ప్రిమాష్, అంటే మొదటి వయొలిన్ వాద్యకారుడు. పక్కన తోడు వయొలిన్, తీగల మీద చిన్న కర్రలతో కొట్టి వాయించే సింబలోమ్, డబుల్ బాస్, తరచు క్లారినెట్. ప్రిమాష్ శ్రోత ముఖం చూసి పాటను సాగదీస్తాడు, అలంకారాలు అల్లుతాడు, ఉన్నట్టుండి వేగం పెంచుతాడు. మిగతావాళ్లు కాగితం చూడకుండా అతని కమాను వెంట నడుస్తారు. యానోష్ బిహారి (1764–1827) ఇలా పేరు తెచ్చుకున్నవాడే. ఆయనకు స్వరలిపి రాదు. ఆయన వరసల్ని ఇతరులు రాసిపెట్టారు. కట్టడానికీ వాయించడానికీ మధ్య బార్తోక్ గీసిన గీత ఇక్కడ చెరిగిపోతుంది.

అదే హంగరీలో రోమానీ భాష మాట్లాడే వ్లాఖ్ రోమాల ఇళ్లలో వినిపించేది పూర్తిగా వేరు. సంప్రదాయంగా అక్కడ వయొలిన్ లేదు. నెమ్మదిగా సాగే పాటలు కొన్ని, ఆటపాటలు కొన్ని. ఆటపాట ఎత్తుకోగానే ఒకరు రేకు పాలక్యాను ఒళ్లో పెట్టుకుని మూతి మీద అరచేత్తో, పక్కన వేళ్లతో వాయిస్తారు. ఇంకొకరు చెంచాలు కొడతారు. మరొకరు అర్థంలేని అక్షరాలతో నోటితోనే తాళం నడుపుతారు. కర్ణాటక సంగీతంలో నోటితో తాళం పలికే కొన్నక్కోల్ ఎరిగిన మనకు ఇది దగ్గరిదిగా తోస్తుంది. రోమాల భాష ఇండో-ఆర్య కుటుంబానిదే, సందేహం లేదు. అంతమాత్రాన ఈ నోటి తాళాన్ని కూడా ఇండియా నుంచి వచ్చిందనడానికి ఆధారం చాలదు.

పోషకుడు మారితే సంగీతం మారుతుంది. రుమేనియాలోని క్లెజాని గ్రామంలో లౌతార్లు, అంటే వృత్తి వాద్యకారులు, పెళ్లిళ్లకు వాయిస్తారు. ఆ ఊరి నికొలాయె నియాక్షు వయొలిన్ తీగకు గుర్రపు వెంట్రుక కట్టి, దాన్ని వేళ్లతో లాగి బొంగురు నాదం పలికించేవాడు. టర్కీలో రోమా క్లారినెట్ 2+2+2+3గా విరిగే తొమ్మిది మాత్రల నడకలో సాగుతుంది. స్పెయిన్‌లో గితానోలు, అంటే అక్కడి రోమాలు, అండలూసియా ప్రజలతో కలిసి ఫ్లమెంకోను పెంచారు. బెల్జియంలో పుట్టిన జాంగో రైన్‌హార్ట్, 1928 అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్లు దెబ్బతిన్నా, 1934 నుంచి పారిస్‌లో జాజ్‌ గిటార్‌కు కొత్త దారి వేశాడు. వీటన్నిటినీ కలిపే ఒకే రాగమో తాళమో లేదు. ఉన్నది ఎదుటివారి సంగీతాన్ని వారికంటే మిన్నగా వాయించే వృత్తి నైపుణ్యం. దాన్ని అనుకరణ అనడం ఆ కళాకారులకు అన్యాయం.

ఊరికీ ఇంటికీ మధ్య ఈ తేడా కూడా శాశ్వతం కాదు. 1978లో ఏర్పడిన కాయీ యాగ్ బృందం ఆ ఇంటి పాటల్నే గిటార్, మాండలిన్ జోడించి బుడాపెస్ట్ వేదికలెక్కించింది. పాలక్యానును మాత్రం వదల్లేదు. అంతవరకూ రోమా సంగీతమంటే ప్రిమాష్ వయొలినే అనుకున్న హంగరీ శ్రోతలు, రోమాలు తమ కోసం పాడుకునేదాన్ని రోమానీ భాషలోనే విన్నారు.