పాత టెర్మినలు వేషము

నల్లగొండ, పాలమూరుల నుండి హైదరాబాదు పోవు మనవారు సిటీ బస్సుల నొసట 'ఈసీఐఎల్' అను పేరు చూచియే యుందురు. 1967లో వెలసిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు అది పొట్టిపేరు. అయ్యగారి సాంబశివరావుగారు దానికి తొలి సారథి. 1969 నాటి దాని టీడీసీ-12 కంప్యూటరు 12 బిట్ల కొలతతో లెక్కించెడిది. అమెరికాలో డిజిటల్ సంస్థ 1965లో చేసిన పీడీపీ-8 కొలతయు అదియే.

ఆ కాలపు యంత్రములతో సంభాషించుటకు టెలిటైపు వాడెడివారు. మీట నొక్కిన కాగితముపై అక్షరము పడును. పిదప గాజుతెర గల టెర్మినళ్లు వచ్చినవి. చిక్కు ఇక్కడనే. తెర తుడువుమనుటకు ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క సంకేతము పెట్టెను. ఒకరి సంకేతము వేరొకరి తెరపై పిచ్చిగీతలే. 1978లో డిజిటల్ వారి వీటీ100, అప్పుడు రూపుదిద్దుకొనుచున్న అమెరికా ప్రమాణమును పాటించెను: ముందు 27వ సంకేతము, ఆ వెనుక ఆజ్ఞ. వరుసకు 80 అక్షరములు. ఇది 1928 నాటి ఐబీఎం చిల్లుకార్డు నుండి సంక్రమించిన ఆస్తి. ఇతరులును ఈ పద్ధతినే అనుసరించిరి.

బల్లలపైకి పర్సనల్ కంప్యూటరు వచ్చిన పిమ్మట పాత టెర్మినలుకు చోటు కరవాయెను. కాని పెద్ద యంత్రములోని ప్రోగ్రాములు దానినే ఎరుగును. అందుచే క్రొత్త యంత్రము పాతదాని వేషము కట్టెను. దీనినే టెర్మినల్ ఎమ్యులేషన్ అందురు. మన చిందు భాగవతులకు ఇట్టి విద్య క్రొత్త గాదు! 1984లో పుట్టిన ఎక్స్‌టర్మ్ నేటికిని డిజిటల్ వారి వీటీ102 వేషమే కట్టుచున్నది. ఆ సంస్థను మాత్రము 1998లో కాంపాక్ కొనివేసినది.

మన టీడీసీ యంత్రములకు ఆ భాగ్యము పట్టలేదు. యంత్రమును చేసితిమి, పరులు అనుకరింపదగిన పద్ధతిని నెలకొల్పలేకపోతిమి. ఈ కొరత మాకు నేటికిని కొరతగానే తోచుచున్నది.