అద్దాల్లేని గది

రుబ్బురోలు, రోకలి, తిరగలి, నూతిగిలక - ఈ నాలుగూ మన ఇళ్ళలోంచి ఒకటొకటిగా సెలవు పుచ్చుకున్నాయి. గ్రైండరు వచ్చింది, మిక్సీ వచ్చింది, పిండిమర వచ్చింది, కుళాయి వచ్చింది. అమ్మయ్య, చేతులకి కాస్త విశ్రాంతి దొరికింది కదా అనుకున్నాం. తీరా చూస్తే అవే నాలుగూ వేషాలు మార్చుకుని, ఇనుపకాళ్ళూ రంగురంగుల సీట్లూ తగిలించుకుని, చల్లటి గదిలో కూర్చుని మనల్ని మళ్ళీ రమ్మంటున్నాయి. తేడా ఒకటే. అప్పుడు తిప్పితే పిండి వచ్చేది. ఇప్పుడు తిప్పనిచ్చినందుకు నెలకి పదిహేను వందలు మనమే ఇచ్చుకోవాలి!

మా వీధి చివర మేడమీద "ఆడవారికి మాత్రమే" అన్న బోర్డుతో అలాంటి జిమ్ము ఒకటి వెలిసింది. యంత్రాలన్నీ గుండ్రంగా పేర్చి వుంటాయట. ఒక్కోదాని దగ్గర అరనిమిషం కష్టపడి, గంట మోగగానే పక్కదానికి మారాలట. అరగంటలో అంతా అయిపోతుందట. చేరడమా, మానడమా? ఏ సంబంధమైనా ఖాయం చేసుకునేముందు అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ విచారించడం మనవాళ్ళ అలవాటు కదా, జిమ్ముకి మాత్రం విచారించొద్దూ? అంచేత దీని వంశవృక్షం కాస్త తిరగేశాను.

కథ ఒక డాక్టరుగారి అభ్యంతరంతో మొదలవుతుంది. 1873లో అమెరికాలో ఎడ్వర్డ్ క్లార్క్ అనే వైద్యుడు ఒక పుస్తకం రాశాడు. ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా చదివితే, శక్తంతా మెదడుకి పోయి గర్భకోశం దెబ్బతింటుందని ఆయన వాదన. ఆడదాని ఒంట్లో శక్తి గుమాస్తాగారి నెలజీతం లాంటిదన్నమాట. ఒక పద్దు కింద ఖర్చయితే ఇంకో పద్దుకి మిగలదు! చదువుకే ఇంత భయమైతే పరుగులకీ గెంతులకీ ఎంత భయపడాలి? ఇలాంటి మాటకి నోటితో జవాబు చెబితే చాలదు. చేసి చూపించాలి. చేసి చూపించాలంటే ముందు నేర్చుకోవాలి. నేర్చుకునేటప్పుడు పడతాం, లేస్తాం. అది చూసి నవ్వేవాళ్ళూ, తొంగిచూసేవాళ్ళూ లేని చోటొకటి కావాలి.

అలాంటి చోటు ఏర్పాటు చేసినావిడ మార్టినా బెర్గ్‌మన్ ఓస్టెర్‌బర్గ్, స్వీడన్ దేశస్థురాలు. 1881లో లండన్ వచ్చి అక్కడి బోర్డు బళ్ళలో ఆడపిల్లల వ్యాయామానికి పర్యవేక్షకురాలైంది. 1885లో హాంప్‌స్టెడ్‌లో సొంతంగా ఆడవాళ్ళ వ్యాయామ కళాశాల పెట్టి, 1895లో దాన్ని డార్ట్‌ఫర్డ్‌కి మార్చింది. అవి నడుముని ఊపిరాడకుండా బిగించే కార్సెట్ల రోజులు, నేల జీరాడే గౌన్ల రోజులు. ఆ బట్టలతో తాడు పట్టుకుని పైకెక్కడం ఎలాగ? ఆ కళాశాల విద్యార్థినే ఒకమ్మాయి వదులుగా వుండే పొట్టి ట్యూనిక్కు తయారుచేసింది. అదే తర్వాత బ్రిటన్‌లో బడిపిల్లల యూనిఫాం అయింది. మన కాన్వెంటు పిల్లలు తొడుక్కున్న ట్యూనిక్కులకి ఆవిడే ముత్తవ్వ. ఆ కళాశాలలో నేర్చుకున్నవాళ్ళు అక్కడే వుండిపోలేదు. పంతులమ్మలై ఊరూరి బళ్ళకీ వెళ్ళి వేలమంది ఆడపిల్లల చేత గెంతులు వేయించారు.

రెండో తరం మనకి దగ్గర చుట్టరికం. మేరీ బాగట్ స్టాక్ అనే ఐరిష్ ఆవిడ 1912లో గూర్ఖా రైఫిల్స్‌లో పనిచేసే ఆఫీసరుని పెళ్ళాడి మన దేశం వచ్చింది. ఇక్కడ ఆసనాలు నేర్చుకుంది. రెండేళ్ళు తిరక్కుండా మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది, 1914లోనే భర్త పోయాడు. అప్పటికి చంకలో నెలల పసిపిల్ల. తిరిగి వెళ్ళేటప్పుడు మన ఆసనాలని ఆవిడ పెట్టెలో సర్దుకోలేదు, ఒంట్లో సర్దుకుంది. లండన్‌లో వ్యాయామం నేర్పుతూ, 1930లో ఆడవాళ్ళ కోసమే "విమెన్స్ లీగ్ ఆఫ్ హెల్త్ అండ్ బ్యూటీ" అనే సంఘం స్థాపించింది. క్లాసుకి ఆరు పెన్నీలు. ఆఫీసుల్లో టైపు కొట్టే అమ్మాయిలు, దుకాణాల్లో రోజంతా నిలబడే అమ్మాయిలు, ఇల్లాళ్ళు వచ్చి చేరారు. ఏడాది తిరక్కుండానే వాళ్ళని హైడ్‌పార్కుకి తీసుకొచ్చి, అందరి ఎదుటా వ్యాయామం చేయించింది. 1935లో ఆవిడ పోతే, ఆ పసిపిల్లే - ప్రూనెలా - ఇరవయ్యో ఏట పగ్గాలు పట్టింది. ఆ దశాబ్దం గడిచేలోగా సభ్యులు లక్షన్నర దాటారు.

వాళ్ళ గది బయట లోకం ఎలా వుందంటారా? 1928లో ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ళని 800 మీటర్లు పరుగెత్తనిచ్చారు. జర్మనీ అమ్మాయి లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకండ్లలో ప్రపంచ రికార్డు పెట్టింది. పత్రికలు మాత్రం రికార్డు సంగతి పక్కనపెట్టి, పరుగెత్తిన ఆడవాళ్ళు సొమ్మసిల్లి పడిపోయారని గగ్గోలు పెట్టాయి. మగవాళ్ళు పందెం అయ్యాక నేలకొరిగితే వీరోచితం, ఆడవాళ్ళు ఆయాసపడితే అనర్హత! ఆ పందేన్ని ఎత్తేశారు. 1960 దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు 200 మీటర్లకి మించి పరుగెత్తే పందెమే లేదు.

మూడో తరంలో ఇంకో గోత్రం వచ్చి కలిసింది. 1953లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో మోర్గన్, ఆడమ్సన్ అనే ఇద్దరు "సర్క్యూట్ ట్రైనింగ్" అనే పద్ధతి తయారుచేశారు. తొమ్మిదో పన్నెండో వ్యాయామాలు వరసగా అమర్చి, ఒకటయ్యాక ఒకటి చేసుకుంటూ చుట్టు తిరగడం. పేరంటాళ్ళల్లో కుర్చీలాట ఆడుతారు చూడండి, ఆ వాటం. ఎటొచ్చీ ఇక్కడ కుర్చీ తియ్యరు, ఎవరూ ఓడిపోరు.

ఈ రెండు వంశాలకీ వియ్యం కుదిరింది టెక్సస్ రాష్ట్రంలో. 1992లో హార్లింజెన్ అనే చిన్న ఊళ్ళో గారీ హెవిన్, డయాన్ హెవిన్ దంపతులు "కర్వ్స్" అనే జిమ్ము తెరిచారు. ఆడవాళ్ళకే ప్రవేశం, అరగంటలో పని పూర్తి. మగవాళ్ళు లేరు, మేకప్పు అక్కర్లేదు, అద్దాలు లేవు - ఇదీ వాళ్ళ నినాదం. యంత్రాల్లో ఇనుప బరువులుండవు, నూనె నింపిన గొట్టాలుంటాయి. సైకిలు పంపు గుర్తుందా? మెల్లిగా నొక్కితే మెల్లిగా దిగుతుంది, గట్టిగా నొక్కితే ఎదురు తిరుగుతుంది. ఇవీ అంతే. బరువు మీద పడుతుందన్న భయం లేదు, పక్కావిడ ఎంత ఎత్తింది, మనమెంత ఎత్తామన్న పోలికా లేదు. 1995 నుంచి ఊరూరా శాఖలిచ్చారు. పుష్కరం తిరిగేసరికి ప్రపంచమంతటా కలిపి పదివేల దాకా పెరిగాయి. అంతవరకూ ఏ జిమ్ము గడపా తొక్కని నడివయసు ఇల్లాళ్ళే వాటికి మహారాజపోషకులు.

పెరిగినంత వేగంగానూ తరిగాయి. చవకలో రాత్రీపగలూ తెరిచి వుండే పెద్ద జిమ్ములు వచ్చాయి. అదే చుట్టు ఏళ్ళ తరబడి తిరిగి కొందరికి విసుగొచ్చింది. అమెరికాలో వేల శాఖలు మూతపడ్డాయి. జపానులో మాత్రం 2005లో మొదలైన ఈ జిమ్ములు దాదాపు రెండువేలకి పెరిగి, పెద్దవయసు ఆడవాళ్ళకి రచ్చబండలయ్యాయి. చివరికి 2018లో జపాను వాళ్ళే అమెరికాలోని మాతృసంస్థని కొనేశారు. కోడలు అత్తగారి ఇల్లు కొనుక్కున్నట్టు!

వంశం సంగతి తేలింది. ఇక మా ఇంట్లో అభ్యంతరాలు. "ఇంటిపని కంటే వ్యాయామం ఏముందే, డబ్బిచ్చి మరీ అలిసిపోవడమెందుకు?" అన్నారు మా అత్తగారు. ఈ మాటకి నా దగ్గర జవాబుంది, అది మా అమ్మ. జన్మంతా ఇంటిపని చేసిన మనిషి. అరవై ఎనిమిదో ఏట స్నానాలగదిలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది, కాని కాళ్ళకి బలం తిరిగి రాలేదు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కుర్చీలోంచి లేవాలి - చివరి రెండేళ్ళూ ఆవిడ కోరిన కోరిక ఇదొక్కటే.

ఇంటిపని ఒంటిని అలగ్గొడుతుంది. అన్ని కండరాలకీ సరిసమానంగా పని చెప్పదు, రోజురోజుకీ బలం పెంచదు. నలభై దాటాక కండ తరుగుతూ వస్తుంది. ముట్టుడిగాక ఎముక ఇంకా వేగంగా పలచబడుతుంది. బరువుకో, బిగువుకో ఎదురుగా కండరాన్ని పనిచేయిస్తే ఈ రెంటినీ కొంత నిలబెట్టవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడంలాంటిది చెయ్యాలి. అది కాక వారానికి రెండు రోజులైనా కండరాలకి బలమిచ్చే వ్యాయామం చెయ్యాలి. "మేడమీద నడవరాదూ?" అన్న మా శ్రీవారి సలహా మొదటి సగానికే జవాబు.

మా అమ్మాయిది ఇంకో అభ్యంతరం. "మగవాళ్ళు లేని గదిలో దాక్కోవడం ఏమిటమ్మా? మల్లేశ్వరి అలా దాక్కుంటే పతకం వచ్చేదా?" అంది. నిజమే. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో, లోకమంతా చూస్తుండగా 110, 130 - మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెల్చిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. ఆడవాళ్ళ బరువులెత్తే పోటీ ఒలింపిక్స్‌లో చేరిందీ ఆ ఏడే. కాని మల్లేశ్వరికున్న గుండె నిబ్బరం యాభై నాలుగేళ్ళ నాకు ఇవాళ పొద్దున్నే ఎక్కడినుంచి వస్తుంది? డార్ట్‌ఫర్డ్ అమ్మాయిలు గదిలో నేర్చుకుని బళ్ళకి వెళ్ళారు. లండన్ ఇల్లాళ్ళు గదిలో నేర్చుకుని పార్కులోకి వచ్చారు. ఆ గది వాళ్ళకి మెట్టు. మెట్టు మీద కాపురం పెట్టకూడదు గాని, మెట్టే వద్దంటే మేడెక్కడం ఎలాగ?

అంచేత చేరడానికే నిశ్చయించుకున్నాను. చరిత్ర నేర్పిన షరతులు మాత్రం కొన్ని వున్నాయి. వేల శాఖలు మూతపడ్డ వంశం కనుక ఏడాది సొమ్ము ఒకేసారి కట్టను, రాయితీ ఎంత చూపినా సరే. ఏ నెల డబ్బు ఆ నెలకే. నేర్పే అమ్మాయి ముందుగా నా రక్తపోటు సంగతీ మోకాళ్ళ సంగతీ అడగాలి. ఒంటికి అలవాటైన కొద్దీ బిగువు పెంచుతూ పోవాలి, లేకపోతే అది గానుగెద్దు తిరుగుడే. టేపు పెట్టి నా నడుము కొలవక్కర్లేదు. మూడు నెలలయ్యాక చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలనో లెక్కపెడితే చాలు.

ఇక తేలవలసింది ఒక్కటే. వారానికి మూడు రోజులు, పొద్దున్న ఆరు నుంచి ఆరున్నర దాకా, మా ఇంట్లో పాలు కాచి కాఫీ కలిపేదెవరన్నది. దీనికి జవాబు నేను తిరగేసిన చరిత్రలో ఎక్కడా దొరకలేదు. మా శ్రీవారిని అడిగి చూడాలి.