భీమునిపట్నం పురపాలన: తీర పట్టణ పునర్నిర్మాణంలో పౌరుల గొంతు (1861–2021)

ఉపోద్ఘాతం

విశాఖపట్నానికి ఈశాన్యంగా, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట భీమునిపట్నం ఉంది. వాడుకలో దీని పేరు భీమిలి. 1861లో ఇక్కడ ఏర్పడిన పురపాలక సంఘం దేశంలోని తొలితరం పురపాలక సంఘాలలో ఒకటిగా ప్రసిద్ధి పొందింది. 2013లో అది మహా విశాఖ నగరపాలక సంస్థలో విలీనమైంది. ఈ విలీనాన్ని అభివృద్ధికి మార్గమని కొందరు, చారిత్రక గౌరవానికి భంగమని మరికొందరు భావించవచ్చు. అయితే పట్టణ రూపురేఖలను నిర్ణయించే అధికారం ఎవరిది, ఆ నిర్ణయాన్ని పట్టణవాసి ఏ వేదికపై ప్రశ్నించగలడు అన్నవి అంతకన్నా మౌలికమైన ప్రశ్నలు. భీమిలి చరిత్రలో ఆ అధికారమూ, ఆ వేదికా క్రమంగా ఒకదానికొకటి దూరమయ్యాయి. ఈ పరిణామాన్ని పరిశీలించడమే ప్రస్తుత వ్యాసం లక్ష్యం.

వర్తక పట్టణం – పన్ను చెల్లింపుదారుల సభ

17వ శతాబ్దంలో డచ్చివారు భీమిలిలో వర్తక స్థావరం నెలకొల్పారు. 1824 నాటి ఆంగ్లో-డచ్ ఒప్పందం మేరకు 1825లో అది ఆంగ్లేయుల వశమైంది. 19వ శతాబ్దంలో ఈ రేవు ఎగుమతులకు కేంద్రంగా ఎదిగింది. ఇక్కడి నుంచి ఓడలకెక్కిన గోగునారకు విదేశీ విపణిలో ఈ పట్టణం పేరే స్థిరపడింది.

పురపాలక సంఘం ఏర్పడే నాటికి అమలులో ఉన్నది 1850 నాటి 26వ చట్టం. పట్టణవాసులు కోరుకున్న చోటనే దానిని వర్తింపజేయాలన్నది ఆ చట్టం ప్రత్యేకత. అంటే పురపాలనకు మూలం, సూత్రప్రాయంగానైనా, స్థానికుల అభ్యర్థనే. 1865 నాటి మద్రాసు పట్టణాభివృద్ధి చట్టం ఈ స్వచ్ఛంద స్వభావాన్ని మార్చి, సభ్యుల నియామకాన్ని ప్రభుత్వం చేతిలో పెట్టింది. 1871 చట్టం పన్ను చెల్లింపుదారుల ఎన్నికకు పరిమితమైన అవకాశం కల్పించింది. 1882 నాటి రిప్పన్ తీర్మానం, దానిని అనుసరించిన 1884 మద్రాసు జిల్లా పురపాలక సంఘాల చట్టం ఎన్నికైన సభ్యుల ప్రాతినిధ్యాన్ని పెంచాయి.

అయినా ఈ సభను పట్టణమంతటి గొంతుగా భావించడం పొరపాటు. ఓటుహక్కు పన్నుతోనూ, ఆస్తితోనూ ముడిపడి ఉన్నంత కాలం వర్తకులకూ, ఇళ్ల యజమానులకూ సభలో చోటు దొరికింది. తీరంలో వలలు ఆరబెట్టుకునే మత్స్యకారులకు, రేవులో బరువులు మోసే కూలీలకు ఆ ద్వారం మూసే ఉంది. వయోజన ఓటుహక్కు వచ్చాకే సముద్రం మీద బతికేవారు సముద్రతీర పట్టణ పాలనలో ఓటర్లయ్యారు. కనుక విలీనం వల్ల కోల్పోయినది 1861 నాటి సభ కాదు. స్వాతంత్ర్యానంతరం అందరికీ తెరుచుకున్న సభ.

ప్రణాళికాధికారం చేజారడం

1933లో విశాఖపట్నం ఓడరేవు ప్రారంభం కావడంతో భీమిలి రేవు ప్రాధాన్యం క్షీణించింది. వర్తకం తరలిపోగా తీరం మిగిలింది. తరువాతి దశాబ్దాలలో ఆ తీరమే విహార స్థలంగా, ఇళ్ల స్థలాలుగా కొత్త విలువను సంతరించుకుంది.

ఈ కొత్త విలువను నియంత్రించే అధికారం పురపాలక సభకు పూర్తిగా దక్కలేదు. 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం కింద 1978లో విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. బృహత్ ప్రణాళిక రచన, భూ వినియోగ నిర్ణయం దాని విధులు. 2018లో దాని స్థానంలో మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ వచ్చింది. ఈ రెండూ ప్రభుత్వం నియమించే సంస్థలే. ప్రజలు నేరుగా ఎన్నుకునేవి కావు. ముసాయిదా ప్రణాళికపై పౌరులు అభ్యంతరాలు తెలిపే అవకాశాన్ని చట్టం కల్పించింది. కానీ విడివిడిగా అందే అర్జీకీ, ఎన్నికైన సభ బహిరంగంగా చర్చించి చేసే తీర్మానానికీ రాజకీయ బలంలో తేడా ఉంది. మొదటిది పరిశీలనకు నోచుకోవచ్చు. రెండవదానికి జవాబు చెప్పక తప్పదు.

1991 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన ఈ అంశానికి మరొక కోణాన్ని జోడించింది. పురపాలక పరిధిలో అప్పటికే అభివృద్ధి చెందిన తీరాన్ని రెండవ మండలంగా గుర్తించి, అక్కడ ఉన్న రహదారికి భూమి వైపున కట్టడాలను షరతులతో అనుమతించింది. గ్రామీణ తీరంలో మాత్రం పోటు రేఖ నుంచి 200 మీటర్ల వరకు నిర్మాణ నిషేధ మండలం ఏర్పడింది. ఆ విధంగా పురపాలక హద్దు తీర భవితవ్యాన్ని నిర్దేశించే రేఖలలో ఒకటైంది. ఆ రేఖ లోపల నివసించేవారికి దానిపై మాట్లాడే సభ ఉండటం అందుకే కీలకం.

విలీనం – ప్రాతినిధ్య శూన్యం

1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంస్థల గడువును 5 సంవత్సరాలుగా నిర్ణయించి, గడువు ముగిసేలోపు ఎన్నికలు పూర్తి కావాలని 243-యు అధికరణంలో ఆదేశించింది. 2007లో ఎన్నికైన మహా విశాఖ పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. ఆ తరువాతి ఎన్నికలు జరిగింది 2021 మార్చి 10న. కనుక 2013లో భీమిలి విలీనమైనది పాలకవర్గం లేని నగరపాలక సంస్థలో. తమ సభను కోల్పోయిన పట్టణవాసులకు కొత్త సభ వెంటనే దక్కలేదు. దాదాపు 8 సంవత్సరాలు పాలన అధికారుల చేతిలోనే సాగింది.

చిన్న పురపాలక సంఘానికి ఆదాయం తక్కువన్నది కాదనలేని వాస్తవం. తాగునీరు, మురుగు పారుదల, రహదారుల వంటి పనులకు మహానగర వనరులు తోడ్పడగలవు. అయితే ఆర్థిక బలం కోసం ప్రాతినిధ్యాన్ని వదులుకోవడం అనివార్యమేమీ కాదు. 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల సంస్థలలో వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ అధికరణం చెబుతుంది. విడిగా ఉన్నప్పుడు భీమిలి ఈ నిబంధన పరిధిలోకి రాదు. అక్కడ పురపాలక సభే పౌరునికి సమీప వేదిక. విలీనానంతరం ఆ నిబంధన వర్తించే సంస్థలో అది భాగమైంది. 98 వార్డుల మహానగర సభలో భీమిలి స్వరం కొద్ది స్థానాలకే పరిమితమైనందున, వార్డు కమిటీ ఇక్కడ అలంకారం కాక అవసరమైంది.

ముగింపు

భీమిలి అనుభవం రెండు విషయాలను స్పష్టం చేస్తుంది. ఒకటి, పురపాలక సంఘం ప్రాచీనతే పౌర ప్రాతినిధ్యానికి హామీ కాదు; ఆ ప్రాచీన సభ చాలాకాలం కొందరి సభగానే నడిచింది. రెండు, ఆ సభ అందరిదీ అయిన దశలోనే తీరంపై నిర్ణయాధికారం ప్రణాళికా సంస్థకు, ఆపై మహానగరానికి తరలింది. ఈ రెండు పరిణామాలనూ కలిపి చూడనిదే తీర పట్టణాల పునర్నిర్మాణ చరిత్ర సమగ్రం కాదు. డచ్చి సమాధులు, దీపస్తంభం వంటి వారసత్వ కట్టడాల పరిరక్షణ గురించి భీమిలిలో ఎంత చర్చ జరిగినా, వాటి చుట్టూ నివసించేవారు ఆ చర్చలో పాల్గొనగల సభ కూడా ఆ పట్టణ వారసత్వంలో భాగమేనని గుర్తించవలసి ఉంది.