తండ్రిగారు, ఆయన ఇల్లు

దోర్నకల్ ప్రాంతపు పాత తరము సంఘస్థులు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారిని 'తండ్రిగారు' అని పిలుచుకొనెడివారు. మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అను మాట మన సంచికలలో తరచుగా అచ్చగుచునే యున్నది. ఆయన ఒక గృహస్థుడని, భర్తయు తండ్రియునై యుండెనని మాత్రము అంతగా తలంచుకొనము. తండ్రిగారను పిలుపునకు వేరు ఆ ఇంటిలోనే యున్నదని మేము నమ్ముచున్నాము.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విలై గ్రామములో ఒక గురువుగారి ఇంట జన్మించిరి. వై.ఎమ్.సి.ఎ. కార్యదర్శిగా ఊరూర తిరుగుచుండిన కాలమున, 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి. అన్బు అనగా తమిళమున ప్రేమ. దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువునకు పోయిన మొదటివారిలో ఆమె యొకరు. ఆ దినములలో ఆడుబిడ్డకు అక్షరము నేర్పుటయే గొప్ప!

1909లో ఆయన అభిషేకము పొంది, తిరునెల్వేలి క్రైస్తవులే స్థాపించుకొనిన మిషనరీ సంఘము పక్షమున దోర్నకల్ వచ్చిరి. ప్రాయము ముప్పదియైదేండ్లకు చేరువ. దేశము నిజాముగారిది, భాష తెలుగు. ఆ వయస్సున క్రొత్త అక్షరములు దిద్దుట ఎట్టిదో, పెద్దయైన పిమ్మట మరియొక భాష నేర్చుకొనినవారికే తెలియును. మరుసటి యేట ఎడిన్‌బరో మహాసభలో నిలిచి, దొరలు మాకు మేలు చేసిరి గాని స్నేహితులు కాలేదని ధైర్యముగా చెప్పినదియు ఆయనయే. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో బిషప్పుగా అభిషిక్తులైరి.

బిషప్పు అనగా బంగళాలో కూర్చుండువారు కారు. ఎద్దుబండి మీదను సైకిలు మీదను పల్లెలు తిరిగిరి. అన్బు అమ్మగారును తోడుగా వెళ్లి, మాల మాదిగ పల్లెల స్త్రీలను కూర్చి బోధించుచుండెడివారు. కులభేదము విడిచి ఒకే బల్లయొద్దకు రండని ఆయన చెప్పిన మాట కొందరికి కష్టముగానే తోచెను. అయినను ఆయన మానలేదు. బాప్తిస్మము పొందినవారు తలపై చేయి యుంచుకొని, సువార్త చెప్పక యూరకుండమని పౌలు భక్తునివలె ఒప్పుకొనవలెను. 1935 నాటికి ఆ అధ్యక్ష ఖండములో 250 మంది భారతీయ గురువులును, రెండు వేలకు పైగా పల్లె ఉపాధ్యాయులును ఉండిరి. ఇంత పని భార్య సహాయము లేక ఏ పురుషునికైన సాధ్యమా?

ఎసరు పెట్టునప్పుడు పిడికెడు బియ్యము దేవునికని వేరుగా తీసి కుండలో వేయుట మనలో చాలమంది అమ్మమ్మలు, నాయనమ్మలు చేయగా చూచితిమి. ఇచ్చుట బీదవారికిని తగిన గౌరవమని తండ్రిగారు బోధించినది ఆ కుండలలో నిలిచినది. మందిరము, మసీదు, గుడి పోకడలు కలిసిన ఎపిఫనీ కెథీడ్రల్ 1939లో ప్రతిష్ఠింపబడెను.

1945 జనవరి 1న దోర్నకల్‌లోనే ఆయన ప్రభువునందు నిద్రించిరి. తాము ఎంతో పాటుపడిన సంఘైక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరుట చూడలేదు. ఆయన పేర పాఠశాలలున్నవి, పటములున్నవి. అన్బు అమ్మగారి పేరు మన సండేస్కూలు పిల్లలలో ఎందరికి తెలియునో, వచ్చే ఆదివారము అడిగి చూడవలెను.