బాకా, వాల్వు, ట్రాన్సిస్టరు



జాతరలో వేపచెట్టు కొమ్మకో, గుడి గోపురం పక్కన గడకో కట్టిన బాకాను చూడనివారు మనలో ఉండరు. బళ్లారి, పావగడ వైపు దాన్ని హారను అంటాం. హోసూరు, కృష్ణగిరి వైపు తమిళంలో కూంబు అంటారు. పేరేదైనా వస్తువు ఒక్కటే. ఆ బాకా రూపం నూరేళ్ళలో పెద్దగా మారలేదు. చెట్టు కింద బల్ల మీద ఉండే ఆంప్లిఫయరు మాత్రం పూర్తిగా మారిపోయింది. ఒకప్పుడు అందులో ఎర్రగా వెలిగే గాజు వాల్వులుండేవి. తరువాత వాటి స్థానంలోకి చల్లగా, చడీచప్పుడు లేకుండా పనిచేసే ట్రాన్సిస్టర్లు వచ్చాయి. ఈ రెండింటిలో హారనుకు తగిన జోడీ ఏది? ఈ వాదం 1960ల నుంచి నడుస్తూనే ఉంది. ఈ వేళ ఆ వాదం వెనుక ఉన్న చరిత్రను చూద్దాం. ఇది సంగీత ప్రియుల సరదా వాదమే అనుకోకండి. మీ ఊరి బడికో, భజన మందిరానికో మైక్‌సెట్ కొనేటప్పుడు ఈ చరిత్ర పనికివస్తుంది.

ముందుగా అసలు హారను ఎందుకు పుట్టిందో తెలుసుకోవాలి. మీ చేతిలో ఒక గులకరాయి ఉంది, ఒక దూదిపింజ ఉంది. రెండింటినీ ఒకే బలంతో విసరండి. రాయి దూరం పోతుంది. దూది ముందే పడిపోతుంది. చేతిలో బలం లేక కాదు. ఆ బలాన్ని అందుకోవడానికి దూదికి తగిన బరువు లేదు. స్పీకరులోని పొరకు గాలితో వచ్చే చిక్కు ఇదే. గాలి దూదిలాంటిది. పొర ఎంత కదిలినా గాలికి చేరే శక్తి కొంచెమే. మామూలు పెట్టె స్పీకరుకు 100 పాళ్ళ విద్యుచ్ఛక్తి ఇస్తే, శబ్దంగా బయటికి వచ్చేది ఒక పాలు కూడా ఉండదు. మిగిలినదంతా వేడిగా పోతుంది.

పొలం గట్టు మీద నిలబడి దూరాన ఉన్న మనిషిని కేకేసేటప్పుడు మనం ఏం చేస్తాం? రెండు అరచేతులూ నోటి చుట్టూ పెట్టుకుంటాం. హారను చేసే పని అదే. సన్నని గొంతు దగ్గర పొరకు గాలి బరువుగా తగిలేటట్టు చేసి, ఆ ఒత్తిడిని మెల్లమెల్లగా విశాలమైన మూతి దాకా తీసుకుపోతుంది. మంచి హారను 100 పాళ్ళలో 10 నుంచి 40 పాళ్ళ దాకా శబ్దంగా మార్చగలదు. పైగా ఆ శబ్దాన్ని మనం చూపిన దిక్కుకే పంపుతుంది.

ఇంత పొదుపు ఎందుకు కావలసి వచ్చిందంటే, ఆ రోజుల్లో శక్తి కరువు. అమెరికాలో లీ డిఫారెస్ట్ 1906లో మూడు ధ్రువాల వాల్వును తయారు చేశాడు. టెలిఫోను సంస్థవారు 1913లో దాని హక్కులు కొని, లోపలి గాలిని ఇంకా బాగా తీసివేసి, దూర ప్రాంతాల టెలిఫోను తీగలకు పనికివచ్చేటట్టు చేశారు. 1921 మార్చిలో అధ్యక్షుడు హార్డింగ్ ప్రమాణస్వీకార ప్రసంగాన్ని వేలాది జనానికి వినిపించినవి ఆ సంస్థవారి వాల్వులూ, హారన్లే. తరువాత సినిమాకు మాట వచ్చింది. 1926 ఆగస్టులో న్యూయార్క్‌లో ‘డాన్ జువాన్’ చిత్రాన్ని సంగీతంతో ప్రదర్శించారు. ఆ రోజుల్లో వేలమంది కూర్చునే హాళ్ళలో కూడా ఆంప్లిఫయరు శక్తి పది, పన్నెండు వాట్లకు అటూ ఇటూగానే ఉండేది. ఈ రోజు ఒక చిన్న పెళ్ళి పందిట్లో వాడే సెట్టు మీద ఇంతకు ఎన్నో రెట్లు రాసి ఉంటుంది. అంత తక్కువ శక్తితో అంత పెద్ద హాలు నిండడానికి కారణం హారను. బెల్ ప్రయోగశాలలో వెంటీ, థురాస్ అనే ఇంజనీర్లు ఆ హారన్ల కోసమే 555 నంబరు గల డ్రైవరు యూనిట్‌ను రూపొందించారు. తక్కువ వాట్లలో ఎక్కువ శబ్దం రాబట్టడమే వారి లక్ష్యం.

1933 ఏప్రిల్ 27న అదే ప్రయోగశాలవారు ఇంకో పరీక్ష చేశారు. ఫిలడెల్ఫియాలో వాద్యబృందం వాయిస్తుంటే, ఆ సంగీతాన్ని మూడు తీగల మీద వాషింగ్టన్ పంపి, అక్కడ హాలులో హారన్ల ద్వారా వినిపించారు. ఆ బృందానికి ప్రధాన నిర్వాహకుడైన స్టొకోవ్‌స్కీ ఆ రోజు వాద్యకారుల ముందు లేడు. వాషింగ్టన్‌లో ఆంప్లిఫయర్ల మీటల దగ్గర కూర్చున్నాడు. అంటే వాల్వు, హారను జోడీ కేకకే గాని సంగీతానికి పనికిరాదనే మాట అప్పటికే చెల్లిపోయిందన్నమాట.

ఇక్కడ చరిత్ర మలుపు తిరుగుతుంది. ఆ హారన్లను తీర్చిదిద్దిన బెల్ ప్రయోగశాలలోనే 1947 డిసెంబరులో ట్రాన్సిస్టరు పుట్టింది. బార్డీన్, బ్రాటెన్ దాన్ని తొలిసారి పనిచేయించారు. వారికీ, షాక్లీకీ 1956లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంకోవైపు 1954లో ఎడ్గర్ విల్చర్ గాలి చొరకుండా మూసిన చిన్న పెట్టెలో లోతైన మంద్రస్వరాలు పలికే స్పీకరు తెచ్చాడు. అది శక్తిని తెగ మింగుతుంది. అయినా ఇంట్లో తక్కువ చోటులో అమరుతుంది. 1960లలో ట్రాన్సిస్టరు ఆంప్లిఫయర్లు బజారుకు వచ్చాక వాట్లు చవకైపోయాయి. వాట్లు చవకైతే పొదుపు ఎందుకు? అలా ఇళ్ళలో చిన్న పెట్టెలు గెలిచాయి, హారన్లు వెనుకబడ్డాయి.

ఇక్కడ చిన్న లెక్క. ఒక వాట్ ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే మామూలు పెట్టె స్పీకరు 88 డెసిబెల్స్ పలుకుతుందనుకోండి. మంచి హారను 104 పలుకుతుంది. తేడా 16 డెసిబెల్స్. అంటే హారనుకు ఒక వాట్ చాలినచోట పెట్టెకు 40 వాట్లు కావాలి. తిప్పి చెప్పాలంటే, ఇంట్లో హాయిగా పాట వినడానికి హారను వాడుకునేది వాట్‌లో 50వ వంతో, 100వ వంతో. ఆంప్లిఫయరు మీద 50 వాట్లు అని రాసి ఉన్నా, హారను బతుకంతా మొదటి వాట్ లోపలే గడిచిపోతుంది. వాదానికి మూలం ఇదే.

తొలి ట్రాన్సిస్టరు ఆంప్లిఫయర్లలో లోపం సరిగ్గా ఆ మొదటి వాట్‌లోనే ఉంది. దుంగ కోసే పెద్ద రంపాన్ని గుర్తు తెచ్చుకోండి. రెండు వైపులా ఇద్దరు మనుషులు. ఒకరు లాగాక రెండోవారు లాగాలి. ట్రాన్సిస్టర్లు కూడా ఇలా జంటగా పనిచేస్తాయి. తరంగంలో పై సగం ఒకటి, కింది సగం ఇంకొకటి మోస్తాయి. ఒకరి నుంచి ఒకరికి పని చేతులు మారేచోట చిన్న తడబాటు ఉందనుకోండి. రెండడుగుల కోతలో అర అంగుళం తడబాటు ఎవరికీ తెలియదు. రెండంగుళాల కోతలో అదే తడబాటు కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. ఆనాటి తయారీదారులు పూర్తి శక్తి దగ్గర కొలిచి, దోషం చాలా తక్కువ అని కాగితం మీద చూపించేవారు. అది అబద్ధం కాదు. కాని హారను ఉన్న ఇంట్లో శబ్దం ఎప్పుడూ రెండంగుళాల కోతే. అందుకే కాగితం మీద బాగున్న సెట్టు చెవికి గరగరగా వినిపించింది.

వాల్వు సంగతి వేరు. పాత పద్ధతిలో ఒకే వాల్వు తరంగం మొత్తాన్ని మోస్తుంది. చేతులు మారడం లేదు కనుక ఆ తడబాటూ లేదు. దానికీ దోషం ఉంది. అయితే శబ్దం తగ్గినకొద్దీ ఆ దోషమూ తగ్గుతుంది. పైగా ఆ దోషం ఎక్కువగా మూలస్వరానికి రెట్టింపు స్వరంగా వస్తుంది. సంగీతం తెలిసినవారి భాషలో చెప్పాలంటే, షడ్జానికి పై స్థాయి షడ్జం తోడవుతుంది. చెవి దాన్ని పరాయిదిగా చూడదు. 1938లో వచ్చిన 300బి అనే వాల్వు ఒక్కటి ఇచ్చేది 8 వాట్లే. పెట్టె స్పీకరుకు అవి మూలకు రావు. హారనుకు మాత్రం కావలసినదానికంటె ఎక్కువే. అమెరికాలో పాత సినిమా హాళ్ళ నుంచి ఊడదీసిన వాల్వు ఆంప్లిఫయర్లనూ, హారన్లనూ జపాను దేశపు అభిమానులు వెతికి కొనుక్కుపోయారంటే కారణం ఇదే.

అలాగని వాల్వును నెత్తిన పెట్టుకోనక్కరలేదు. హారను ఏనుగు అడుగుతో పాటు చీమ నడకను కూడా వినిపిస్తుంది. వాల్వు సెట్టులో కరెంటు నుంచి వచ్చే ‘గూం’ శబ్దం పెట్టెలో దాగిపోవచ్చు గాని హారనులో దాగదు. లోపల 300, 400 వోల్టులుంటాయి. వేడెక్కాలి, బరువు మోయాలి, వాల్వులు అరిగితే మార్చాలి. కరెంటు లేని పల్లెల్లో వాల్వు సెట్టు నడపాలంటే బ్యాటరీ శక్తిని పెద్ద వోల్టేజీగా మార్చే యంత్రం కూడా వెంట ఉండాలి. ట్రాన్సిస్టరు సెట్టుకు 12 వోల్టుల బ్యాటరీ చాలు, మీట నొక్కగానే పలుకుతుంది. పల్లె జాతరలకూ, వీధి నాటకాలకూ అది నిజంగా వరమే. మన పొరుగున బెంగుళూరులో 1954లో స్థాపించిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ దేశానికి వాల్వులు తయారు చేసి ఇచ్చింది. కాలం మారాక అక్కడా అర్ధవాహకాలే ముందుకు వచ్చాయి.

ట్రాన్సిస్టరు కూడా తన లోపాన్ని దిద్దుకుంది. 1969 ఏప్రిల్‌లో ఇంగ్లండుకు చెందిన లిన్స్‌లీ హుడ్ ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో 10 వాట్ల ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు పటం ప్రకటించాడు. రంపం రెండు వైపులా ఉన్న ఇద్దరూ ఏ క్షణంలోనూ పట్టు వదలకుండా చేశాడు. విద్యుత్తు ఎక్కువ ఖర్చవుతుంది, వేడి పుడుతుంది, కాని తడబాటు పోతుంది. మంచి వాల్వు సెట్టుతో పోటీపడే ట్రాన్సిస్టరు సెట్టు కావాలనే దాన్ని తయారు చేశాడు. తరువాత మెరుగైన ట్రాన్సిస్టర్లు, మెరుగైన సర్క్యూట్లు వచ్చాక మామూలు సెట్లలో కూడా ఆ తడబాటు చెవికి అందనంత సన్నగిల్లింది. ఈనాడు బాగా కట్టిన ట్రాన్సిస్టరు సెట్టు హారనుకు చక్కని జోడీయే. అంటే తప్పు ట్రాన్సిస్టరుది కాదు. మొదటి వాట్‌ను పట్టించుకోకుండా చివరి వాట్‌ను చూసి మురిసిపోయిన లెక్కది.

అయితే ఒక తేడా ఇంకా మిగిలి ఉంది. వాల్వు సెట్టుకూ స్పీకరుకూ మధ్య ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. లోపల ఏదైనా చెడితే నేరు విద్యుత్తు స్పీకరుకు చేరకుండా అది అడ్డుపడుతుంది. నేరుగా కలిపిన ట్రాన్సిస్టరు సెట్టులో అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు పోతే, రక్షణ సర్క్యూట్ లేనప్పుడు హారను డ్రైవరులోని సన్నని తీగచుట్ట క్షణాల్లో మాడిపోతుంది. కనుక ట్రాన్సిస్టరు సెట్టు కొనేవారు రక్షణ సర్క్యూట్ ఉందా అని తప్పక అడగాలి.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. 50 వాట్ల సెట్టు తీసి 100 వాట్లది పెడితే శబ్దం రెట్టింపవుతుందని చాలామంది నమ్మకం. కాదు. పెరిగేది 3 డెసిబెల్సే. వినేవారికి కొంచెం పెరిగినట్టు తోస్తుంది, అంతే. శబ్దం రెట్టింపైనట్టు చెవికి అనిపించాలంటే సుమారు 10 రెట్లు వాట్లు కావాలి. డబ్బు వాట్ల మీద పోసేకంటె హారన్లను సరైన ఎత్తులో, సరైన దిక్కుకు తిప్పి కట్టడం మేలు. అదీగాక, హారను ముందు నిలబడిన పసిపిల్లల చెవులను తలుచుకోండి. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం జనం నివసించే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడుస్పీకరు వాడకూడదు. మనం ఉన్నది కర్ణాటకలోనైనా, తమిళనాడులోనైనా, ఒడిశాలోనైనా, మహారాష్ట్రలోనైనా, యానాంలోనైనా నిబంధన ఇదే. పండుగ రోజుల్లో ప్రభుత్వం ఇచ్చే కొద్దిపాటి సడలింపు వేరు.

కాబట్టి ఈసారి మీ బడికో, మందిరానికో సెట్టు కొనడానికి వెళ్ళినప్పుడు దుకాణదారు ఎన్ని వాట్లో చెప్పగానే సరేననకండి. మీ హారన్నే తగిలించి, శబ్దం బాగా తగ్గించి, ఒక మనిషి గొంతు పెట్టమనండి. ఆ చిన్న శబ్దంలో మాట స్పష్టంగా ఉందా? పాట ఆపినప్పుడు ‘గూం’ అనో ‘స్స్’ అనో వినిపిస్తోందా? ఈ రెండూ విని నిర్ణయించుకోండి. లోపల ఉన్నది వాల్వా, ట్రాన్సిస్టరా అన్నది తరువాతి సంగతి. పది పన్నెండు వాట్లతో హాలు నింపిన ఆనాటి ఇంజనీర్లు చేసిన పని కూడా అదే. ఉన్న కొద్ది శక్తి వీలైనంత తక్కువ వృథా అయ్యేటట్టు, శబ్దం చెడకుండా చూసుకున్నారు.