పూరీ తీరమున పేద యాత్రికుడు

వెనుకటి తరముల తెలుగువారికి పూరీ ప్రయాణమనగా జగన్నాథ దర్శనమే. సముద్రస్నానము దానికి అనుబంధము. నేడు చాలమంది విషయమున ఆ వరుస తారుమారైనది. సెలవులు వచ్చినంతనే కలకత్తా మొదలుకొని విశాఖపట్టణము వరకు గల కుటుంబములు గాలిమార్పునకై ఆ యిసుకతిన్నెలను చేరుచున్నవి. దేవుని కొరకు వచ్చినను, అలల కొరకు వచ్చినను, కొద్దిపాటి సొమ్ముతో బయలుదేరినవాడు ఎక్కడ తల దాచుకొనెను, ఏమి తినెను, ఎవరికేమి చెల్లించెను అను ప్రశ్న మాత్రము ఒక్కటే. దానికి సమాధానము వెదకినచో ఆ పట్టణపు రెండువందల యేండ్ల చరిత్ర బయటపడును.

1803లో ఈస్టిండియా కంపెనీ సేనలు మరాఠాల నుండి పూరీని వశపరచుకొన్నవి. మరాఠాల నాడే యాత్రికులపై పన్ను కలదు. కంపెనీవారు దానిని కొంతకాలము నిలిపి, 1806లో శాసనరూపమున మరల విధించిరి. యాత్రికులను తరగతులుగా విభజించిరి. 'లాల్ యాత్రి' యను మొదటి తరగతివాడు ఉత్తరము నుండి వచ్చినచో 10 రూపాయలు, దక్షిణము నుండి వచ్చినచో 6 రూపాయలు ఇయ్యవలెను. 'నిమ్ లాల్' అను రెండవ తరగతివానికి ఇవే రేట్లు 5, 3 రూపాయలు. 'భురంగు' అను మూడవ తరగతివానికి 2 రూపాయలు. ఉత్తరమున అఠారనాలా వంతెన యొద్దను, దక్షిణమున లోకనాథ ఘట్టము నొద్దను పన్ను ద్వారములుండెను. చికాకోలు, గంజాము సీమల నుండి కాలినడకను పోయిన మనవారు దక్షిణ ద్వారమున నిలువవలసినవారు. ఆనాటి కూలివానికి రెండు రూపాయలు సామాన్యమైన సొమ్ము కాదు. దేవుని యెదుట అందరు సమానులే. ద్వారము నొద్ద మాత్రము మూటలోని రూపాయలను బట్టి తరగతి యేర్పడెను. ఇటు క్రైస్తవ మిషనరీలు, విగ్రహారాధన వలన ప్రభుత్వము ఆదాయము పొందుట తగదని, ఇంగ్లండులో ఆందోళన సాగించిరి. తుదకు 1840లో చట్టము ద్వారా ఆ పన్ను రద్దయ్యెను.

పన్ను పోయినది గాని ప్రయాణపు కష్టము పోలేదు. వారముల తరబడి నడచి వచ్చినవానికి పూరీలో దొరికిన గొప్ప ఆదరువు మహాప్రసాదము. దేవాలయపు వంటశాలలో మట్టికుండలను ఒకదానిపై నొకటి పేర్చి, కట్టెలపొయ్యిపై వండిన అన్నము, పప్పు, కూరలు నైవేద్యమైన పిదప ఆనందబజారుకు వచ్చును. దానిని కొని తినుటలో కులభేదము పాటింపరాదని ఆచారము. ఇంట నొకరి చేతి నీరు మరియొకరు ముట్టని కాలమున ఒకే కుండలోని అన్నమును పలు కులములవారు పంచుకొని తినిరి. బీద బాటసారి దృష్టిలో ఇది ధర్మము మాత్రమే కాదు, సౌలభ్యము కూడ. వంటపాత్రలు మోయనక్కరలేదు; పొయ్యి వెదకనక్కరలేదు; కావలసినంత మాత్రమే కొనవచ్చును.

బస మాటయే వేరు. పండాలు తమ గుమాస్తాలను దూరదేశములకు పంపి యాత్రికులను వెంటబెట్టుకొని వచ్చి, తమ యిండ్లలోను అద్దెకొంపలలోను దింపుచుండిరి. రథయాత్ర నాళ్ళలో ఒక్కొక్క గదిలో మనుష్యులు కాలు చాచుటకైనను వీలులేక క్రిక్కిరిసి యుండెడివారు. కలరా వ్యాపించెను. చౌక బసకు చెల్లించిన అసలు మూల్యము ప్రాణములే. ఇట్టి స్థితిలో 1871లో పూరీ బస యిండ్లపై చట్టము వచ్చెను. యజమాని లైసెన్సు పొందవలెననియు, ఏ యింట నెంతమంది యుండవచ్చునో అధికారులు నిర్ణయింతురనియు దాని సారము. తరువాత మార్వాడీ వర్తకులు మున్నగువారు కట్టించిన ధర్మశాలలు అద్దె చెల్లింపలేని వానికి కప్పు నిచ్చినవి.

దారి కూడ ప్రాణాంతకమే. 1887 మే నెలలో కలకత్తా నుండి చాంద్‌బాలీకి బయలుదేరిన 'సర్ జాన్ లారెన్స్' అను పొగయోడ తుపానులో మునిగి ఏడువందలకు పైగా జనము మరణించిరి. వారిలో పెక్కురు జగన్నాథ యాత్రికులు. రైలుమార్గము కావలెనను కోరికకు ఈ దుర్ఘటన బలమిచ్చినది. ఒక విశేషము గమనింపదగినది. ఆ రైలు మొదట దక్షిణము నుండియే వచ్చెను. బెజవాడ నుండి కటకము వరకు తూర్పుకోస్తా మార్గము 1893 మొదలు 1896 లోపల వేయబడెను. ఖుర్దా రోడ్డు నుండి పూరీకి శాఖ 1897లో తెరువబడెను. కలకత్తా వైపు నదులపై వంతెనలు ముగిసి హౌరాతో సంధానమగుటకు 1900 వరకు పట్టెను. అనగా కొన్నియేండ్లు పూరీకి రైలులో పోగల భాగ్యము వంగీయుల కంటె ముందు ఆంధ్రులకు దక్కినది. గోదావరిపై వంతెన సయితము 1900లోనే తెరువబడినందున, ఆవలి యొడ్డువారు అంతవరకు ఏరు దాటి రైలెక్కవలసి వచ్చెను. నెలల నడక దినములలోనికి కుదించుకొనిపోయెను. మూడవ తరగతి బండి ఇరుకే, అయినను అది కాళ్ళు పుండ్లు పడకుండ కాపాడినది.

రైలుతో పూరీకి రెండవ జన్మము కలిగెను. తీరము వెంబడి అధికారుల బంగళాలు, రైల్వేవారి హోటలు, వంగ కుటుంబముల సెలవు నివాసములు లేచినవి. అలలు మిక్కిలి ఉద్ధృతమైన ఆ సముద్రములో స్నానము చేయించువారెవరు? నోలియాలు. వీరు మన గంజాము, శ్రీకాకుళపు తీరముల నుండి వలసపోయిన తెలుగు బెస్తవారు. పూరీ చెంతనున్న పెంఠకటా వారి ప్రధాన నివాసము. శంఖాకారపు టోపీ ధరించి, కొద్దిపాటి కూలికి స్నానము చేయువారి చేయి పట్టుకొని అలల లోనికి నడిపించుట వారి వృత్తులలో నొకటి. ఉదయమున తెప్పపై వేటకు పోవువారే ఎండెక్కిన పిదప పరులను కాపాడుదురు. 2019 మే 3వ తేదీన ఫణి తుపాను పూరీ కడనే తీరము దాటినప్పుడు ముందుగా గాయపడినవి ఒడ్డునున్న వారి గుడిసెల వంటి బలహీనపు ఇండ్లే.

2020లో పూరీ స్వర్ణతీరమునకు 'బ్లూ ఫ్లాగ్' అను అంతర్జాతీయ గుర్తింపు లభించినది. పరిశుభ్రత సంతోషింపదగినదే. కాని ఒక తీరమును కొలుచుటకు మరియొక కొలబద్ద కూడ కలదు: జేబులో స్వల్పధనము గలవాడు అక్కడ ఒక పూట తిని, ఒక రాత్రి నిద్రించి, భయములేక అలలలో మునిగి రాగలడా యని. పూరీ చరిత్రలో ఆ అవకాశమును అతనికి ఎవరును ఉదారముగా ఒక్కసారి ప్రసాదింపలేదు. వంటశాలలోని కుండ, ధర్మశాల అరుగు, మూడవ తరగతి బల్ల, నోలియా చేయి, ఇవి కలసి కొద్దికొద్దిగా సంపాదించి పెట్టినవి. వానిని కాపాడుకొనుట తరువాతి తరముల వంతు.